ఓబీ గుట్ట మీద తీజ్

ఇల్లందు దగ్గరి తన తండా లెక్కలో గుగులోత్ భానుకు ఎప్పుడో వయసు మీరిపోయింది. ఢిల్లీ లెక్కలో ఆమె ఇంకా మొదలుపెట్టనే లేదు. పెళ్లి కాని ముప్పై నాలుగేళ్ల ఆడపిల్లను చూసి తండా ముసలమ్మలు మూతి తిప్పుతుంటే, అదే మనిషిని "తొలి దశ యువ పరిశోధకురాలు" అని ఢిల్లీ వాళ్లు ముద్దుగా పిలుస్తారు. ఈ రెండు లెక్కల మధ్య భాను పడ్డ తిప్పలన్నీ పక్కనే ఉండి చూశాను. ఇంకెవరో రాసి పాడుచేయకముందే నేనే రాసేస్తున్నాను.

నా పేరు మెహర్. మాది ఖమ్మం. మా నాన్న అహ్మద్ పాషాకు అక్కడ గాజుల దుకాణం ఉంది. నేను భద్రాచలంలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. భాను అదే కాలేజీలో బోటనీ గెస్ట్ లెక్చరర్. ఇద్దరం ఒకే ఇంట్లో కిరాయికి ఉంటున్నాం. ఆమె నన్ను అక్కా అనకుండా మా ఉర్దూలో ఆపా అంటుంది, నేను ఆమెను నోటికొచ్చినవన్నీ అంటాను. నాకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. భానుకు ఓపిక ఎంత ఎక్కువంటే, దాన్ని చూస్తే నాకు ఇంకా కోపం వస్తుంది.

భాను తండ్రి హాతీరాం ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడిపాడు. బొగ్గు దొరకాలంటే దాని మీదున్న మట్టీ రాళ్లూ తవ్వి పక్కన పోయాలి. అలా పోసిన మన్నును ఇల్లందులో అందరూ ఓబీ అంటారు. పోయగా పోయగా అవి గుట్టలవుతాయి. భూమి అడుగు నుంచి వచ్చిన మన్ను కాబట్టి అందులో సత్తువ ఉండదు. గడ్డి కూడా బతిమాలితే గానీ మొలవదు. హాతీరాం తన సర్వీసంతా మధ్యాహ్నం అన్నం డంపర్ నీడలోనే తిన్నాడు, గుట్ట మీద వేరే నీడ లేదు మరి. ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పి నవ్వేవాడట. ఇంట్లో అందరూ నవ్వేవారు, ఒక్క భాను తప్ప. ఆ గుట్ట మీద చెట్టెందుకు రాదన్న ప్రశ్న పట్టుకుని ఆ పిల్ల పీహెచ్‌డీ దాకా పోయింది. మట్టిలో కంటికి కనిపించని జీవుల మీద వరంగల్‌లో పరిశోధన చేసి డాక్టరైంది. డాక్టరైందని తెలియగానే తండాలో సగం మంది మోకాళ్ల నొప్పులకు మందడిగారు.

పీహెచ్‌డీ అయిన పిల్లల కోసం దేశంలో పథకాలకు కొదవ లేదు. ఫెలోషిప్పులు, గ్రాంట్లు, సదస్సులకు ప్రయాణ ఖర్చులు, పెద్ద శాస్త్రవేత్తలు చేయిపట్టి నడిపించే మెంటర్‌షిప్పులు, గ్రాంటు ఎలా రాయాలో నేర్పే వర్క్‌షాపులు. ఆ పేర్లు చదువుతుంటేనే కడుపు నిండిపోతుంది. తీరా అప్లై చేయబోతే, మీ సంస్థలో ఏ యంత్రాలున్నాయి, ఇంతకుముందు ఏ గ్రాంటు వచ్చింది అని అడుగుతారు. అంటే గ్రాంటు రావాలంటే ముందు గ్రాంటు వచ్చి ఉండాలి. ఈ పద్ధతి కనిపెట్టిన మహానుభావుణ్ణి నాకు ఒక్కసారి చూపిస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

భాను గురిపెట్టింది వాటిలో ఢిల్లీ వాళ్లిచ్చే ఒక పెద్ద గ్రాంటు మీద. వస్తే ఐదేళ్లు సొంత ప్రాజెక్టు, సొంత జీతం, కావలసిన పరికరాలు, పనిలోకి మనుషులు. సెమిస్టర్ సెమిస్టర్‌కూ కొలువు ఉంటుందో ఊడుతుందో చూసుకునే గెస్ట్ లెక్చరర్ బతుకు నుంచి అదొక్కటే దారి. రెండుసార్లు అప్లై చేసింది, రెండుసార్లూ ఒకటే జవాబు: ఆలోచన బాగుంది, ఆతిథ్య సంస్థలో సౌకర్యాలు చాలవు. నిజానికి మా ప్రిన్సిపాల్ భాస్కర్ సార్ పాపం ఆటల సామాన్ల గది ఖాళీ చేయించి, దానికి "పరిశోధనా ప్రయోగశాల" అని బోర్డు కూడా రాయించాడు. అందులో మైక్రోస్కోపు పక్కనే ఇప్పటికీ వాలీబాల్ నెట్టు వేలాడుతుంటుంది.

హైదరాబాద్‌లో పెద్ద సంస్థ పేరు మీద అప్లై చేస్తే సులువుగా వస్తుందని ఆమెకు తెలిసినవాళ్లందరూ చెప్పారు. నేనూ చెప్పాను.

"పిచ్చిదానా, హైదరాబాద్ అడ్రస్ రాస్తే నీ సొమ్మేం పోతది?"

"గుట్ట ఈడుంటే నేను ఆడ కూసొని ఏం చేస్త ఆపా?" అంది.

మూడోసారి కూడా మా కాలేజీ పేరే రాసింది. వయసు పరిమితి ముప్పై ఐదు, కాబట్టి ఇదే ఆఖరుసారి. ఇది కూడా పోతే హైదరాబాద్ శివార్లలో ఒక విత్తనాల కంపెనీ ఆమెకు ఉద్యోగం ఇస్తానంది. విత్తనాల నాణ్యత పరీక్షించే పని, దసరా తర్వాత చేరాలి. చెడ్డ ఉద్యోగం కాదు. కానీ ఆ కొలువులో చేరితే గుట్ట సంగతి అక్కడితో ముగిసినట్టే. ఆ మాట మా ఇంట్లో ఎవరం పైకి అనేవాళ్లం కాదు.

వానాకాలం మొదట్లో కబురొచ్చింది. ఈసారి ఇంటర్వ్యూకు పిలుస్తున్నారు, దసరాకు ముందే. వచ్చేటప్పుడు తొలి ప్రయోగం ఫలితాలు పట్టుకురమ్మన్నారు. భాను అప్పటికే గని అధికారుల అనుమతితో ఓబీ మన్ను తెచ్చి, తండా చివర పచ్చటి నెట్టు కట్టి, ట్రేలు పేర్చింది. ఒక వరుసలో ఉత్త ఓబీ మన్ను. రెండో వరుసలో ఓబీ మన్నుకు, పీహెచ్‌డీలో తాను తయారుచేసిన సూక్ష్మజీవుల పౌడర్ కలిపింది. రెండింటిలోనూ కానుగ గింజలు, గడ్డి గింజలు వేసింది. ఉత్త మన్ను వరుసను కంట్రోల్ అంటారు. దాన్ని దాని మానాన వదిలేస్తేనే పౌడర్ చేసిన మేలెంతో తెలుస్తుంది. భాను భద్రాచలంలో పాఠాలు చెబుతున్న రోజుల్లో నీళ్లు పోసే పని అన్న కూతురు గోరిది, గోరి స్నేహితురాళ్లది. గోరి ఇంటర్ చదువుతుంది, చురుకైన పిల్ల. ఉత్త మన్ను వరుసకు నీళ్లు తప్ప ఏమీ వేయొద్దని భాను ఆ పిల్లలకు నా ముందే చెప్పింది.

శ్రావణంలో గోదావరి పొంగింది. మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, రోడ్ల మీదికి నీళ్లొచ్చాయి, బస్సులు ఆగిపోయాయి. మేమిద్దరం భద్రాచలంలో ఇరుక్కుపోయాం. భాను రోజూ గోరికి ఫోన్ చేసేది. సిగ్నల్ దొరికితే ఒకటే మాట వినిపించేది, "అన్నీ మంచిగున్నయ్ అత్తా" అని. భాను కరకట్ట మీద నిలబడి ఎర్రటి నీళ్లను చూస్తూ, తన ట్రేల గురించి ఆలోచించేది. నేను నీళ్లను తిడుతూ ఉండేదాన్ని.

వరద తీయగానే మొదటి బస్సెక్కాం. కొత్తగూడెం మీదుగా ఇల్లందు, అక్కడి నుంచి ఆటోలో తండా. తీజ్ ఆఖరి రోజు కావడంతో తండా అంతా డప్పులు, పాటలు. భాను ఎవరినీ పలకరించకుండా నేరుగా నెట్టు కిందికి పోయింది. వెనకాలే నేను.

పౌడర్ వేసిన వరుస ఫరవాలేదు, మొలకలు నిలబడ్డాయి. ఏమీ వేయని వరుస మాత్రం దాని రెండింతలు పెరిగి కళకళలాడుతోంది.

భాను అక్కడే నేల మీద కూలబడింది. "ఆపా, నా పౌడర్ ఓడిపోయింది" అంది. అంత చిన్న గొంతుతో ఆమె మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆరేళ్ల పని, ఆఖరి అవకాశం, అన్నీ ఆ పచ్చదనం కింద పడి పోయాయి. నేనూ ఆమె పక్కనే కూర్చున్నాను.

కాసేపటికి భాను చెయ్యి చాపి ఆ మంచి వరుసలోంచి చిటికెడు మన్ను తీసి నలిపింది. వాసన చూసింది. మళ్లీ చూసింది.

"గోరీ!" అని అరిచింది.

గోరి, ఆమె వెనక ఇద్దరు పిల్లలు, ముగ్గురూ తీజ్ కోసం కట్టుకున్న అద్దాల పేటియా లంగాలతో వచ్చి తలలు వంచుకుని నిలబడ్డారు.

"ఇండ్ల ఏం కలిపిండ్రే?"

ఏం జరిగిందో అర్థం కావాలంటే తీజ్ సంగతి చెప్పాలి. పెళ్లికాని ఆడపిల్లలు పుట్టమన్నులో మేకల ఎరువు కలిపి బుట్టల్లో నింపి, గోధుమలు చల్లుతారు. మంచె మీద పెట్టి, పాటలు పాడుతూ నీళ్లు పోస్తూ తొమ్మిది రోజులు కాపాడతారు. మొలక పచ్చగా, ఏపుగా వస్తే ఆ పిల్లకు మంచి జరుగుతుందని నమ్మకం. పాలిపోయి వస్తే ఎవరూ పైకి ఏమీ అనరు. ఆ పిల్ల మొహం మాత్రం ఒకసారి చూసి పోతారు.

"నీ పేరు రాసున్నది అత్తా, ట్రేల మీద" అంది గోరి. "తీజ్ దినాలల్ల నీ పేరున్న మొలకలు తెల్లగ పాలిపోతున్నయ్. పోయేటోళ్లు వచ్చేటోళ్లు చూస్తున్నరు. నీకు ఇంటర్వ్యూ ఉన్నది గద. మా బుట్టలకు కలిపిన మన్ను మిగిలితే గా ట్రేలల్ల ఏసినం. నీకు మంచి కావాలనే..."

మాట పూర్తికాకముందే నేను లేచాను. నాకు ఒళ్లు మండిపోయింది. తెలుగులో తిట్టాను, ఉర్దూలో తిట్టాను. ప్రయోగం పాడైందనీ, మీ అత్త కొలువు మీరే ఊడగొట్టారనీ అరిచాను. పిల్లలు భోరుమన్నారు. వాళ్లను చూసి భాను కూడా ఏడవడం మొదలుపెట్టింది. మా అరుపులకు భాను తల్లి పూలి పరుగెత్తుకొచ్చింది. ఏడుస్తున్న నలుగురినీ, ఊగిపోతున్న నన్నూ, కళకళలాడే ట్రేలనూ మార్చిమార్చి చూసింది.

"పచ్చగ పెరిగితే ఎవలన్న ఏడుస్తరా బిడ్డా?" అంది.

భాను ఏడుపు ఆగిపోయింది. తల్లి మొహంలోకి చూసి, ట్రేల వైపు చూసి, మళ్లీ తల్లి మొహంలోకి చూసింది. తర్వాత నవ్వింది. నాకు భయమేసింది, పిల్లకు మతి చలించిందేమో అనుకున్నాను.

"ఆపా, గీ మన్ను చిన్నప్పటి సంది ఏటేటా నేను గూడ కలిపిన" అంది. "పొద్దున ల్యాబుల పౌడర్ జేసుడు, సాయంత్రం తండాకొచ్చి బుట్టకు మన్ను కలుపుడు. రెండు చేతులు నాయే. ఒక్కనాడన్న ఓబీల గిది ఏసి చూద్దామని తోచలే!"

కళ్లు తుడుచుకుంటూనే గోరిని దగ్గరికి లాక్కుని నెత్తిన ఒక మొట్టికాయ వేసింది, తర్వాత ముద్దు పెట్టుకుంది. నాకైతే మొట్టికాయే సరిపోయేదనిపించింది.

మర్నాటి నుంచి పని మళ్లీ మొదలు. ఈసారి వరుసలు పెరిగాయి. ఉత్త ఓబీ ఒకటి, పౌడర్ వేసింది ఒకటి, పుట్టమన్ను ఒకటి, ఎరువు ఒకటి, రెండూ కలిపిన తీజ్ మన్ను ఒకటి. దసరా ముంచుకొస్తోంది. కాలేజీ అయిపోగానే వారం వారం తండాకు పోయేవాళ్లం. మొలకల వేళ్లను తెచ్చి వాలీబాల్ నెట్టు పక్కన మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, తీజ్ మన్నులో పెరిగిన వేళ్లకు సన్నటి తెల్లటి దారాలు అల్లుకుని ఉన్నాయి. పుట్టమన్నులోని మంచి బూజు అది, వేరుకు నీళ్లూ పోషకాలూ అందిస్తుంది. భాను నన్ను పిలిచి చూపిస్తూ చిన్నపిల్లలా గెంతింది. నేనూ గెంతాను, తలుపు వేసే ఉందిలెండి.

ఇక ఉత్త మన్ను వరుసకు కాపలా గోరి బాధ్యతే. ఆ పిల్లలు రేగుకంప నరుక్కొచ్చి దాని చుట్టూ ముళ్ల కంచె వేశారు. మేకల కోసం కాదు. మళ్లీ తమకే జాలేసి ఏమైనా కలుపుతామేమోనని. పూలి దాని ముందు నిలబడి పాలిపోయిన మొలకలను చూసి "ఒక్క పిడికెడు ఎరువు ఏస్త బిడ్డా, పానం ఆగుతలే" అని రోజూ అడిగేది. భాను రోజూ వద్దనేది.

ఢిల్లీ వాళ్లు ఇంటర్వ్యూలు హైదరాబాద్‌లోనే పెట్టారు, నేనూ వెంట పోయాను. ఆమెను లోపలికి పిలిచాక బయట కుర్చీలో కూర్చున్నాను. కూర్చున్నానంటే కూర్చోలేదు, అటూ ఇటూ తిరుగుతుంటే అక్కడి అటెండరు నాకే ఇంటర్వ్యూ అనుకుని మంచినీళ్లు తెచ్చిచ్చాడు. లోపల ఏం జరిగిందో తిరుగు బస్సులో భాను చెప్పింది. నేను మూడుసార్లు చెప్పించుకున్నాను.

మొదటి స్లైడు మీదే రాసిందట: ఈ మన్ను కలిపే పద్ధతి మా తండాది, తీజ్ పండుగది. తర్వాత మొదటి ప్రయోగం ఎలా పాడైందో దాచకుండా చెప్పింది. ఇంటర్వ్యూ బోర్డులో ఒక పెద్దాయన కళ్లద్దాలు తీసి అడిగాడట, "రెండో ప్రయోగం శుభ్రంగా ఉంది కదమ్మా. మొదటిది చెప్పకపోతే మాకు తెలిసేది కూడా కాదు. ఎందుకు చెప్పావు?" అని.

"అది దాస్తే గీ ఆలోచన నాకే తోచిందని అబద్ధం చెప్పాల్సొస్తది సార్. నాకు తోచలేదు. నా పౌడర్ ఓడిపోయింది, మా పిల్లల ప్రేమ గెలిచింది. ఎందుకు గెలిచిందో తెలుసుకునుడే ఇప్పుడు నా ప్రాజెక్టు."

ఫొటోలో ఒక్క వరుసకే ముళ్ల కంచె ఎందుకుందని ఇంకొకరు అడిగారట. చెప్పగానే బోర్డంతా నవ్విందట. ఆ నవ్వులో నుంచే ఒక మేడం అసలు ప్రశ్న వేసింది, రెండుసార్లు భానును వెనక్కి పంపిన ప్రశ్న. మీ కాలేజీలో సౌకర్యాలు చాలవు కదా, హైదరాబాద్‌లో ఏదైనా సంస్థకు మారతావా అని.

"మట్టి పరీక్షలకు ఏ సంస్థకు రమ్మన్నా వస్త మేడం, నేర్చుకుంట. కానీ నా ప్రయోగశాల గుట్ట. దాన్ని హైదరాబాద్ తేలేను" అందట భాను.

అందట అని నేను రాస్తున్నాను గానీ, బస్సులో ఆ మాట విన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. కిటికీ వైపు తిరిగి దుమ్ము పడిందన్నాను. భాను నమ్మినట్టు నటించింది.

తర్వాత ఎదురుచూపు. దసరా వచ్చి పోయింది. విత్తనాల కంపెనీ వాళ్లు ఫోన్ చేసి ఎప్పుడు చేరుతున్నారని అడిగారు. భాను ఇంకొన్ని రోజులు గడువడిగింది. బ్యాగు సర్దలేదు, ఆ ఉద్యోగం వద్దని కూడా రాయలేదు. అన్నం సరిగ్గా తినేది కాదు. నేను రోజుకు పదిసార్లు ఆ వెబ్‌సైటు తెరిచి చూసేదాన్ని, నా ఫోన్‌లో దాని అడ్రసు తప్ప ఇంకేమీ మిగల్లేదు.

ఆ రోజు భాను ఇంటర్నల్ పరీక్షకు ఇన్విజిలేటరు. ఫోన్ స్టాఫ్ రూములో వదిలి పోయింది. నేను నా ఫోన్‌లో అలవాటుగా ఆ పేజీ తెరిచాను. కొత్త జాబితా ఉంది. వేలితో కిందికి జరుపుతూ పోతుంటే, గుగులోత్ భాను, పక్కన మా కాలేజీ పేరు, ఆ పక్కన భద్రాచలం.

చెప్పులు ఎక్కడ వదిలేశానో గుర్తులేదు. వరండా అంతా పరుగెత్తి పరీక్ష హాలు తలుపు నెట్టి, "భానూ! అచ్చింది! నీది అచ్చిందే!" అని కాలేజీ దద్దరిల్లేలా అరిచాను. ఖమ్మంలో మా నాన్నకు కూడా వినపడి ఉంటుంది. చేతిలో ప్రశ్నపత్రాల కట్టతో భాను అలాగే నిలబడిపోయింది.

"నిజంగనా ఆపా?"

"అవ్! నిజంగనే! చూడు, నువ్వే చూడు!"

భాస్కర్ సార్ పరుగున వచ్చాడు. "మేడం, పరీక్ష నడుస్తున్నది, ఏంది గీ లొల్లి?" అని నా మీద కేకలేశాడు. ఫోన్ ఆయన చేతిలో పెట్టాను. చదివాడు. పిల్లల వైపు తిరిగి, "ఐదు నిమిషాలు పెన్నులు కింద పెట్టి చప్పట్లు కొట్టండి" అన్నాడు. హాలంతా లేచి నిలబడి కొట్టింది. ప్రశ్నపత్రం కష్టంగా ఉన్నవాళ్లు మరీ గట్టిగా కొట్టారు.

ఆ సాయంత్రం భాను విత్తనాల కంపెనీకి మర్యాదగా వద్దని రాసింది. తర్వాత తండాకు ఫోన్ చేసింది. హాతీరాం ఒకే ప్రశ్న అడిగాడట, గుట్ట మీద పని ఎప్పుడు మొదలుపెడతవు బిడ్డా అని.

ఇప్పుడు వాలీబాల్ నెట్టు పక్కన కొత్త పరికరాలు వచ్చాయి. సెలవుల్లో బెంగళూరులో ఒక సంస్థకు పోయి భాను కొత్త పరీక్షలు నేర్చుకొస్తోంది. ఇంటర్వ్యూలో కళ్లద్దాలు తీసిన పెద్దాయనే ఆమెకు మెంటర్. గోరి మా కాలేజీలోనే బోటనీ తీసుకుంది. గ్రాంట్లు ఎలా రాయాలో భాను శనివారాలు చెబుతుంటే చుట్టుపక్కల కాలేజీల నుంచి కూడా పిల్లలొస్తున్నారు. ఎవరైనా హైదరాబాద్ అడ్రసు రాస్తామంటే నేనే ముందు అరుస్తాను.

మొన్న శ్రావణంలో మళ్లీ తీజ్‌కు పోయాను. పెళ్లి కాలేదు కాబట్టి భాను కూడా బుట్ట పెట్టింది. ఓబీ మన్నుకు పుట్టమన్ను, ఎరువు కలిపి అందులో గోధుమలు చల్లింది. మొలకలు మిగతా బుట్టలంత ఎత్తు రాలేదు గానీ, పచ్చదనంలో ఎక్కడా తగ్గలేదు. ఒక ముసలమ్మ వచ్చి, "ఇంకెన్నేండ్లే నీకు గీ బుట్ట?" అని వేళాకోళమాడింది.

"ఢిల్లోళ్లు ఐదేండ్లు ఇచ్చిండ్రవ్వా, మీరు గూడ ఇయ్యిండ్రి" అంది భాను. ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు, ముసలమ్మతో సహా.

చివరి రోజు ఆడపిల్లలు మొలకలు తెంపి పెద్దవాళ్ల తలపాగాల్లో పెడతారు. భాను తన బుట్టలోని మొలకలను హాతీరాం తలపాగాలో దోపి కాళ్లు మొక్కింది. ఆయన ఇంట్లోకి పోయి, డంపర్ నడిపిన రోజుల నాటి టిఫిన్ డబ్బా తీసుకుని బయల్దేరాడు. మేమందరం వెనకాలే నడిచాం.

గుట్ట మీద భాను నాటించిన కానుగ మొక్కలు వరుసగా నిలబడి ఉన్నాయి, ఇంకా మోకాలెత్తు కూడా లేవు. హాతీరాం ఒక మొక్క పక్కన చతికిలబడి డబ్బా తెరిచాడు. నడినెత్తిన ఎండ మండుతోంది. తలపాగాలో గోధుమ మొలకలు ఊగుతున్నాయి.

"బాపూ, ఎండల కూసున్నవ్. గదింక మొక్కనే, నీడ యాడున్నది?" అంది భాను.

హాతీరాం అన్నం ముద్ద కలుపుకుంటూ ఆ నాలుగాకుల నీడలోకి కుడిచేయి జరిపాడు.

"ఉన్నది బిడ్డా" అన్నాడు. "చెయ్యికి సరిపోతున్నది."